సెన్సారు మొరాయించిన వేళ



ఇవాళ మనం మాట్లాడుకునేది వంటల గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. నడవా గోడకో, మెట్ల మలుపులోనో, స్నానాలగది గుమ్మం పక్కనో అగ్గిపెట్టెంత తెల్లటి డబ్బా ఒకటి ఈమధ్య చాలా ఇళ్లలో కనపడుతోంది చూడండి, దాని గురించి. దాన్ని మోషన్ సెన్సారు అంటారు. మనిషి కదిలితే కనిపెట్టి, తీగలేవీ లేకుండానే కబురు పంపి, దీపం వెలిగిస్తుంది. సెలవులకు వచ్చిన అబ్బాయో, అల్లుడో దాన్ని గోడకు అంటించి, ఫోనులో ఏవేవో సరిచేసి, మళ్లీ రైలెక్కి వెళ్లిపోతారు. ఆ తర్వాత అది మొరాయిస్తే చూసుకోవలసింది ఎవరు? మనమే గదా!

“దీపం వెలగకపోతే ఏమైందమ్మా, లేచి స్విచ్చి వేసుకుంటే సరి” అంటారేమో. కాని రాత్రి రెండు గంటలకు లేచే అత్తగారో, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారో ఇంట్లో వుంటే అది చిన్న సంగతి కాదు. వెలుగుతుందిలే అన్న ధైర్యంతో అడుగు వేసినప్పుడే చీకట్లో కాలు జారేది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎన్ని నెలలు మంచం పట్టాలో మీకు వేరే చెప్పనక్కర లేదు.

చాలామంది ఏం చేస్తారంటే, రెండుమూడు సార్లు చూసి, “ఇది పాడైపోయింది” అని డబ్బాను ఊడదీసి సొరుగులో పడేస్తారు. అలా పడేసేముందు ఒక చిన్న పని చేయండి. పాలలెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ దీనికి కేటాయించి, అది ఏ వేళకు పని చేయలేదో, ఏ వేళకు అనవసరంగా వెలిగిందో ఒక వారంపాటు రాయండి. రోగం ఏమిటో ఆ వేళే చెబుతుంది. ఎలాగంటారా? ముందు అది పని చేసే తీరు కాస్త తెలుసుకుందాం.

ఈ డబ్బాలో వున్నది మనిషిని చూసే కన్ను కాదు, వేడిని చూసే కన్ను. మన ఒంటి నుంచి ఎప్పుడూ పరారుణ కిరణాలు వెలువడుతూ వుంటాయి. అవి మన కళ్లకు కనపడవు. సెన్సారులో ఆ వేడిని పసిగట్టే బిళ్ల రెండు ముక్కలుగా వుంటుంది. ఒక ముక్కకు తగిలే వేడికీ, రెండో ముక్కకు తగిలే వేడికీ తేడా వచ్చినప్పుడే అది “ఎవరో కదిలారు” అంటుంది. దాని ముందు గళ్లు గళ్లుగా కనపడే తెల్లటి ప్లాస్టిక్ మూత ఉత్త మూత కాదు, కటకం. ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సముద్రతీరాల్లోని దీపస్తంభాల కోసం కనిపెట్టిన పద్ధతి అది. 1823లో మొదటిసారి ఒక దీపస్తంభంలో అమర్చారు. రెండు వందల ఏళ్లు దాటాక కూడా, అదే ఉపాయం మన నడవాలో పని చేస్తోందన్నమాట!

దీన్నిబట్టి కొన్ని సంగతులు తేలిపోతాయి. మీరు కదలకుండా కూర్చుని పుస్తకం చదువుతూ వుంటే దానికి మీరు లేనట్టే లెక్క. సెన్సారుకు ఎదురుగా తిన్నగా నడిచి వస్తే ఆలస్యంగా కనిపెడుతుంది, అడ్డంగా దాటితే వెంటనే కనిపెడుతుంది. కనుక నడవా చివర గోడకు కాక, పక్క గోడకు, ఆరేడు అడుగుల ఎత్తున పెట్టడం మేలు. గాజు అద్దం వెనుక వున్న మనిషి దానికి కనపడడు. కటకం మీద వంటింటి జిడ్డూ, దుమ్మూ పేరుకుంటే చూపు మందగిస్తుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు, నీళ్లూ, సబ్బూ వద్దు.

ఇక మన పుస్తకంలోని పేజీ తీద్దాం.

మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు అనవసరంగా వెలుగుతోందని రాశారా? అయితే పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ చూడండి. ఎండపొడ గోడమీద పడి, కర్టెను కదిలినప్పుడల్లా వేడిలో తేడా వస్తుంది. ఎయిర్ కండిషనరు గాలి తిన్నగా తగులుతున్నా, ఎదురుగా పొయ్యి ఆవిరి లేస్తున్నా ఇదే గొడవ. పిల్లి తిరిగినా, బల్లి వచ్చి కటకం మీదే తిష్ట వేసినా వెలుగుతుంది. సెన్సారును నాలుగడుగులు పక్కకు జరిపితే చాలాసార్లు సరిపోతుంది.

మే నెల మధ్యాహ్నాల్లో మాత్రం మనిషి వెళ్లినా పలకడం లేదా? ఇది మన ప్రాంతాల వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాలి. మన చర్మం వేడి సుమారు 33, 34 డిగ్రీలు. ఎండాకాలంలో ఇంట్లో గోడలు కూడా అంత వేడెక్కితే, మనిషికీ గోడకూ తేడా దానికి తెలియదు. అది సెన్సారు దోషం కాదు, ఎండ దోషం. యాప్‌లో సున్నితత్వం పెంచే సదుపాయం వుంటే ఆ రెండు నెలలూ పెంచుకోండి. చల్లబడ్డాక మళ్లీ తగ్గించండి.

పగలు చక్కగా పని చేసి, రాత్రి పది దాటాక మానేస్తోందా? మాకు తెలిసిన ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మూడు నెలల్లో రెండు సెన్సారులు మార్చారు. తీరా చూస్తే కారణం సెన్సారులో లేనేలేదు. జిగ్బీ అనే పద్ధతిలో పని చేసే ఇళ్లలో కరెంటుతో నడిచే స్మార్టు బల్బులూ, ప్లగ్గులూ ఒకదాని కబురు ఒకటి అందుకుని ముందుకు పంపుతూ వుంటాయి, బావి దగ్గర బిందెలు చేతులు మారినట్టు. బ్యాటరీ మీద నడిచే చిన్న సెన్సారు అలా అందించలేదు, తన కబురు మాత్రం చెబుతుంది. ఆ ఇంట్లో పెద్దావిడ రోజూ పడుకోబోయేముందు పొదుపు కోసం హాల్లో స్మార్టు బల్బును గోడ స్విచ్చి దగ్గర ఆర్పేస్తున్నారు. నడవా సెన్సారు కబురు అందుకునేది ఆ బల్బే! దానికి కరెంటు తీసేస్తే కబురు మధ్యదారిలో ఆగిపోతుంది. హాలుకూ నడవాకూ మధ్య స్మార్టు ప్లగ్గు ఒకటి పెట్టి, దాని స్విచ్చి ఎవరూ ముట్టుకోకుండా చీటీ అంటించారు. కొత్త దారి తెలియడానికి సెన్సారును అది వుండే చోటనే వుంచి, హబ్బుకు మళ్లీ ఒకసారి జత చేశారు. అంతటితో బాధ తీరింది. పెద్దావిడ చేసింది తప్పేమీ కాదు. దీపం ఆర్పడం మంచి అలవాటే. ఆ బల్బుకు ఇంకో ఉద్యోగం కూడా వుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

కరెంటు పోయి వచ్చాక మానేస్తోందని రాశారా? అప్పుడు సెన్సారు జోలికి వెళ్లకండి. కబుర్లన్నీ చేరే హబ్బూ, వైఫై రూటరూ తేరుకోవడానికి అయిదారు నిమిషాలు ఇవ్వండి. అప్పటికీ రాకపోతే ముందు రూటరును, అది నిలదొక్కుకున్నాక హబ్బును ఆపి వేయండి. ఇన్వర్టరు వుంటే ఈ రెండింటినీ దాని మీద పెట్టించండి. అవి తినే కరెంటు బహు స్వల్పం.

వంట వేళల్లో, పిల్లలు ఫోనుల ముందు కూర్చునే వేళల్లో తప్పుతోందా? జిగ్బీ, చాలా ఇళ్లలోని వైఫై, మైక్రోవేవ్ ఓవెను, మూడూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తాయి. పెళ్లివారింట్లో పక్కన సన్నాయి మోగుతుంటే మన మాట వినపడనట్టు, సెన్సారు సన్నని గొంతు వాటిలో మునిగిపోతుంది. హబ్బును రూటరు పక్కన ఆనించి పెట్టకుండా మూడు నాలుగు అడుగులు ఎడం చేయండి. ఇనుప బీరువా వెనుక, ఫ్రిజ్ మీద అసలే పెట్టవద్దు. ఇనుము కబుర్లను అడ్డుకుంటుంది.

వేళాపాళా లేకుండా, రోజురోజుకూ నీరసపడుతోందా? అది బ్యాటరీ. ఫోనులో కనపడే శాతాన్ని పూర్తిగా నమ్మవద్దు. ఈ బిళ్ల సెల్లులు చివరిదాకా నిండుగా వున్నట్టే కనపడి ఒక్కసారిగా పడిపోతాయి. పాతదాని మీద వున్న నంబరు, అంటే 2032, 2450 లాంటిది, చూసి అదే తెచ్చుకోండి. పెన్సిలు సెల్లులు పట్టే రకమైతే చార్జి చేసుకునేవి వేయకండి. మామూలు సెల్లు 1.5 వోల్టులైతే అవి 1.2 వోల్టులే. కొత్తది వేశాక దానికి కుదురుకోవడానికి ఒక నిమిషం పడుతుంది.

ఇక్కడ అమ్మలందరికీ ఒక హెచ్చరిక. తీసేసిన బిళ్ల సెల్లును బల్లమీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం వుంది. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

పరీక్ష చేసే పద్ధతి కూడా తెలిసి వుండాలి. దాని ముందు నిలబడి ఆగకుండా చేతులు ఊపితే ఏమీ తేలదు. కొన్ని రకాలు ఒకసారి కబురు పంపాక నిమిషంపాటు మళ్లీ పంపవు, బ్యాటరీ ఆదా కోసం. కనుక అందరూ రెండు నిమిషాలు బయటికి వెళ్లి, ఒకరు అడ్డంగా నడవండి. ఇంకొకరు ఫోను చూస్తూ వుండండి. ఫోనులో “కదలిక” అని వచ్చి కూడా దీపం వెలగలేదంటే సెన్సారు తన పని చేసినట్టే. తప్పు దానికిచ్చిన ఆజ్ఞలో వుంది. “సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకే” అని ఎవరైనా పెట్టారేమో చూడండి. స్నానం మధ్యలో దీపం ఆరిపోతుంటే, కదలిక ఆగాక ఎన్ని నిమిషాలకు ఆర్పాలో ఆ గడువు పెంచండి. ఫోనులో ఏమీ రాకపోతేనే బ్యాటరీ, దూరం, అడ్డంకులు చూడాలి.

చివరగా ఒక్క మాట. ఇది ఎంత తెలివైనదైనా దీని ఒక్కదాని మీదే ఆధారపడకండి. పెద్దవాళ్ల మంచం దగ్గర చేతికందే స్విచ్చీ, నడవాలో రాత్రంతా వెలిగే చిన్న దీపమూ వుండనివ్వండి. దూరాన వున్న పిల్లలకు “ఇంట్లో అలికిడి లేదు” అని కబురు వెళ్తే, గాభరా పడేముందు ఇంటికో, పక్కింటికో ఫోను చేయమని ఇప్పుడే చెప్పి వుంచండి.

అబ్బాయి మళ్లీ ఫోను చేసినప్పుడు “అది పని చేయడం లేదురా” అనకుండా, “రాత్రి పది దాటాకే పని చేయడం లేదురా” అని చెప్పి చూడండి. సగం మరమ్మతు అక్కడే అయిపోతుంది.