పాత కారు శబ్దము – టర్బో ఇంజను దోషమును గుర్తించు విధము

మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో కొందఱు హోసూరు చుట్టుపట్ల పల్లెలనుండి తమ తండ్రుల కార్లలో వచ్చుచున్నారు. ఆ కార్లలో పెక్కు ఒకరిద్దఱి చేతులు మాఱి వచ్చిన పాత డీజిలు బండ్లు. అట్టి బండి ఒకనాడు వింత శబ్దము చేయ నారంభించినచో ఆ యింటివారి ఆందోళన యింతంత కాదు. గత సంవత్సరము జరిగిన ఒక సంగతి ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది.

ఒక రైతుగారు తన యిద్దఱు బిడ్డలతోపాటు పొరుగింటి బిడ్డలను ఇద్దఱిని తన కారులో మా బడికి తెచ్చుచుండిరి. కొన్ని దినములుగా ఆ కారు గట్టు ఎక్కునపుడు పెద్ద శబ్దము చేయుచు, బలము తగ్గి, వెనుక నల్లని పొగ చిమ్ముచుండెను. ఒక మెకానిక్కు బానెట్టు ఎత్తి చూచి, టర్బో పోయినదనియు, మార్చక తప్పదనియు చెప్పి, ఆ రైతు సేద్యమునకు దాచుకొన్న సొమ్మంతయు చాలని మొత్తమును అడిగెను. ఆయన మా గదికి వచ్చి, “అయ్యవారూ, బండి ఇంక నడిచేట్టు లేదు. వచ్చే నెలనుంచి పిల్లల్ని మా ఊరి దగ్గరి బడికే పంపుతాము” అనిరి. ఆ దగ్గరి బడిలో తెలుగు లేదు. నలుగురు బిడ్డల తెలుగు చదువు ఒక ఇంజను శబ్దముపై ఆధారపడి యున్నదని మాకు అప్పుడు తెలిసినది.

మేము ఇంజనీరులము కాము; పాఠములు చెప్పువారము. అయినను భౌతికశాస్త్రము బోధించినవారము గనుకను, మా బాలుర తలిదండ్రులలో మోటారు పని తెలిసినవారు పలువురు కలరు గనుకను, వారివలన వినినదియు మేము చదివినదియు కలిపి ఇచట వివరింతుము.

మొదట టర్బో యననేమో తెలిసికొందము. ఇంజనులో ఇంధనము మండగా వచ్చిన వేడి వాయువు సైలెన్సరు గొట్టము గుండ వెలుపలికి పోవును. ఆ వాయువు బలమును వ్యర్థము కానీయక, దానిచే ఒక చిన్న చక్రమును త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొనయందున్న మఱియొక చక్రముతో గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపు సాధనమే టర్బో. గాలి యెక్కువైనచో ఇంధనము నెక్కువగా మండింపవచ్చును. చిన్న ఇంజనుకు పెద్ద బలము చేకూరును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందెను. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ అను కార్లలో దీనిని అమర్చి విక్రయించిరి. ఇప్పటి డీజిలు కార్లలో ఇది సర్వసాధారణము.

ఈ ఇరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. లక్షన్నర యనుకొన్నచో సెకనుకు 2,500 చుట్లగును. అంత వేగమును భరించుటకై ఇరుసు సాధారణముగా పలుచని ఆయిలు పొరపై తేలుచు తిరుగును. ఆ ఆయిలు ఇంజనునుండి వచ్చునదే. కాబట్టి ఆయిలు తగ్గినను, చెడినను ముందుగా బాధపడు భాగములలో టర్బో యొకటి. ఇక ఒత్తిన గాలి వేడెక్కును గనుక దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు ఉండును. టర్బోకును, ఇంటర్‌కూలరుకును, ఇంజనుకును నడుమ లావుపాటి హోసులుండును. పాతబడిన బండిలో ఈ హోసులు పగులుటయు, వాని క్లిప్పులు వదులగుటయు కలదు.

వింత శబ్దము వినగానే చేయవలసిన మొదటి పని ఆయిలు చూచుట. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపి, కొంతసేపు ఆగి, ఆయిలు కడ్డీని తుడిచి ముంచి చూడవలెను. ఎదుట ఆయిలు గుర్తుగల ఎఱ్ఱ దీపము వెలిగినచో ఒక్క నిమిషమైనను ఇంజను నడుపరాదు.

పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనవలెను. శబ్దము ఇంజను చల్లగా నున్నపుడు వచ్చునా, వేడెక్కిన పిమ్మట వచ్చునా? బండి నిలిచియున్నపుడు వచ్చునా, బరువు లాగునపుడు మాత్రమే వచ్చునా? ఇంజను వేగముతో మాఱునా, చక్రముల వేగముతో మాఱునా? చదునైన దారిలో గేరు మార్చి, అదే వేగమున పోవునపుడు శబ్దము మాఱనిచో, అది చక్రముల బేరింగులది గాని టైర్లది గాని కావచ్చును. ఇంజనుపై నింద వేయరాదు.

ఇక శబ్దముల తీరు వినుడు. గట్టు ఎక్కునపుడు బుస్సుమని గాలి చిమ్మినట్లు వినబడి, బలము తగ్గి, నల్లని పొగ వచ్చినచో హోసు పగులుటో, క్లిప్పు జాఱుటో యని ముందుగా అనుమానింపవలెను. ఉదయము చల్లని ఇంజనులో టిక్కుటిక్కుమని వినబడి, వేడెక్కిన కొలది తగ్గినచో, పొగగొట్టము ఇంజనును కలియు చోట సందు ఏర్పడి యుండవచ్చును. అచట నల్లని మసి చార యుండును. నిలిచిన బండిలో రేకు గలగలలాడినట్లున్నచో వేడిని ఆపు రేకు వదులై యుండవచ్చును. లేదా టర్బో ఒత్తిడిని అదుపుచేయు చిన్న తలుపు అరిగి యుండవచ్చును. కీచుమను శబ్దము తఱచుగా బెల్టుది. సైరను వలె సన్నగా మొదలై ఇంజను వేగముతో హెచ్చు కూత కొత్తగా వచ్చి, దానితో నీలి పొగయు కనబడినచో, అది టర్బో బేరింగుల యరుగుదలకు గుర్తు. ఇంజను అడుగున సుత్తితో కొట్టినట్లు బరువైన దెబ్బ వినబడినచో బండి నచ్చటనే నిలిపి, లాగించుకొని పోవలెను.

నీలి పొగతో కూడిన కూతను ఉపేక్షింపరాదు. చెడిన టర్బోనుండి ఆయిలు గాలిదారిలోనికి కారినచో డీజిలు ఇంజను ఆ ఆయిలునే మండించుకొనుచు, తాళపుచెవి త్రిప్పినను ఆగక, అదుపు తప్పి పరుగిడు ప్రమాదము కలదు.

ఇంటివద్ద పరీక్ష చేయువారు ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే హోసులను తాకి, వంచి, అడుగు ప్రక్కను కూడ చూడవలెను. చిరుగు ఉన్నచోట తఱచుగా ఆయిలు జిడ్డు, దుమ్ము పేరుకొనియుండును. నడుచుచున్న ఇంజను చెంత ఉత్తరీయము, పైటచెఱగు వ్రేలాడరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. ఆ పొగ ప్రాణాంతకము. టర్బో ఇరుసు ఊగిసలాటను మెకానిక్కు గాలిగొట్టము తీసి చూపగలడు. ప్రక్కలకు కొద్దిగా కదలుట ఆయిలు లేనపుడు సహజము; లోపలికిని వెలుపలికిని కదలినను, ఱెక్కలు గోడను రాచుకొనినను అది చెడినట్లే.

ఇప్పుడు ఆ రైతుగారి సంగతి. మేము పై మూడు ప్రశ్నలు వేయగా ఆయన తడబడిరి. కాని ప్రక్కన నిలిచియున్న ఎనిమిదవ తరగతి కుమారుడు, “గట్టు ఎక్కేటప్పుడే వస్తుంది సార్, నిలబడి ఉంటే రాదు. ఈల కాదు, బుస్సుమంటుంది. పొగ నల్లగా ఉంటుంది, నీలం కాదు” అని చెప్పెను. ప్రతిదినము వెనుక సీటులో కూర్చుండి వాడు గమనించిన దిది. ఆ మాటలనే ఒక కాగితముపై వ్రాసి మఱియొక మెకానిక్కు వద్దకు పంపితిమి. ఆయన బండి క్రింద దూఱి, ఇంటర్‌కూలరుకు పోవు హోసు అడుగున జానెడు చీలికను కనుగొనెను. హోసును, రెండు క్లిప్పులను మార్చుటతో శబ్దము పోయినది. నలుగురు బిడ్డలు ఇప్పటికిని మా బడిలోనే చదువుచున్నారు.

ప్రతిసారియు దోషము ఇంత చిన్నది కాదు. టర్బో నిజముగనే చెడియుండవచ్చును. అట్లయినచో, అది ఎందులకు చెడినదో అడుగవలెను. ఆయిలు గొట్టము మసితో పూడియుండగా క్రొత్త టర్బో వేసినచో అదియు త్వరలోనే చెడును. గడువునకు ముందే, బండి పుస్తకములో చెప్పిన రకపు ఆయిలు మార్చుట, దూర ప్రయాణము గాని గట్టు గాని ముగిసిన పిమ్మట ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగా నడువనిచ్చి ఆపుట – ఈ రెండలవాటులు టర్బోను చిరకాలము కాపాడును.

కావున తలిదండ్రులకు మా మనవి యిది. శబ్దము వినగానే భయపడి సొమ్ము గుమ్మరింపకుడు, పోనిమ్మని ఉపేక్షింపకుడు. ఎపుడు, ఎచట, ఎట్లు వినబడినదో వ్రాసికొని మెకానిక్కుకు చూపుడు. బండిలో వచ్చు బిడ్డలను కూడ అడుగుడు. వారికి వినుటయు, గమనించుటయు నేర్పుట మా బడి పనియే గనుక, ఈ పాఠమును ఇంటివద్ద మీరును కొనసాగింతురని ఆశించుచున్నాము.