మానినవాడికి తోడు కావాలి

ఒక మేస్త్రీ ఉన్నాడనుకుందాం. ఇళ్ళు కట్టే మేస్త్రీ. మంచి పనివాడు. కానీ సాయంత్రమైతే కూలి డబ్బులో సగం బ్రాందీ షాపుకే పోయేది. ఇంట్లో రోజూ గొడవే. పిల్లలు అతని అడుగుల చప్పుడు వింటేనే భయపడేవారు.

ఒకరోజు అతని భార్య అప్పు చేసి అతన్ని ఆసుపత్రిలో చేర్చింది. రెండు వారాలు ఉంచారు. మనిషి తేరుకున్నాడు. చిన్న కూతురి తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. "ఇక ముట్టను" అన్నాడు.

ఇరవై రోజులు బాగానే గడిచాయి. ఇంట్లో బియ్యం నిండాయి. పిల్లలు నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నారు.

ఇంతలో ఒక ఇంటికి స్లాబు వేశారు. స్లాబు వేసిన రోజు ఇంటి ఆసామి పనివాళ్ళకి మందు పోయించడం మామూలే కదా. తోటివాళ్ళు పిలిచారు. "ఒక్క గుక్కేగా మేస్త్రీ! ఏమవుతుంది?" అన్నారు. మేస్త్రీ ఒక్క గుక్క తాగాడు. ఆ రాత్రి అతన్ని ఇద్దరు మోసుకొచ్చి ఇంటి ముందు పడుకోబెట్టారు.

మర్నాడు ఊరంతా ఒకటే మాట. "కుక్క తోక వంకర. వాడు మారడు" అన్నారు. "ఆసుపత్రి ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే" అని భార్య ఏడ్చింది.

మరి ఆ రోజు కూతురి తల మీద పెట్టిన ఒట్టు అబద్ధమా? కాదు. అతను నిజంగానే మానాలనుకున్నాడు. మరి ఎందుకు మానలేకపోయాడు? ఈ సంగతే ఇప్పుడు తెలుసుకుందాం.

ఇది జబ్బు

అందరూ ఇలా కారు. కొందరు ఎప్పుడో తాగి ఊరుకుంటారు. కొందరికి మాత్రం అది జబ్బుగా మారుతుంది. మొదట కొంచెం తాగితే చాలు. తర్వాత అదే మత్తుకి ఎక్కువ కావాలి. తాగకపోతే చేతులు వణుకుతాయి. చెమటలు పడతాయి. నిద్ర రాదు. మెదడు ఆ మందుకి అలవాటు పడిపోతుంది. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జబ్బుగానే లెక్కిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట గుర్తుంచుకోండి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మొదటి మూడు నాలుగు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేనివి కనిపించి, లేని మాటలు వినిపించవచ్చు. ప్రాణానికే ముప్పు రావచ్చు. దీన్ని దయ్యం అనుకుని భూతవైద్యుడి దగ్గరకి తీసుకెళ్ళకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందులతో ఈ గండం దాటవచ్చు.

ఆసుపత్రి ఒంట్లోంచి మత్తుని దించుతుంది. దానికి ఒకటి రెండు వారాలు చాలు. కానీ మనసులోని కోరిక అంత త్వరగా పోదు. నెలలు, ఏళ్ళు ఉండవచ్చు. ఇంటికి రాగానే అదే సందు, అదే షాపు, అదే స్నేహితులు. ఆసుపత్రిలో డాక్టరు పక్కనున్నాడు. ఊళ్ళో పక్కన ఎవరున్నారు?

మేస్త్రీకి లోటు అదే. స్లాబు వేసిన సాయంత్రం అతని పక్కన తాగేవాళ్ళు పదిమంది ఉన్నారు. తాగనివాడు ఒక్కడూ లేడు.

ఇద్దరితో మొదలైన సంఘం

ఈ లోటు తీర్చే సంఘం ఒకటుంది. దాని పేరు ఆల్కహాలిక్స్ ఎనానిమస్. పొట్టిగా ఏ.ఏ. అంటారు. పేరు బయటపెట్టకుండా కలుసుకునే తాగుడు బాధితులు అని దీని అర్థం. ఇది 1935లో అమెరికాలో పుట్టింది.

బిల్ విల్సన్ అనే ఒక షేర్ల వ్యాపారి ఉండేవాడు. తాగుడు వల్ల అన్నీ పోగొట్టుకున్నాడు. 1934 డిసెంబరులో ఆసుపత్రిలో చేరి మానేశాడు. తర్వాత ఐదు నెలల పాటు ఎందరో తాగుబోతుల దగ్గరకి వెళ్ళి మాట్లాడాడు. వాళ్ళెవరూ మానలేదు. కానీ ఒక చిత్రం జరిగింది. వాళ్ళతో మాట్లాడినన్నాళ్ళూ తను మాత్రం తాగలేదు!

1935 మే నెలలో పనిమీద ఆక్రన్ అనే ఊరికి వెళ్ళాడు. పని చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బారు. అందులోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. కాళ్ళు అటే లాగాయి. అప్పుడతను బారులోకి పోలేదు. టెలిఫోను దగ్గరకి వెళ్ళాడు. "నాలాంటి తాగుబోతు ఒకడితో మాట్లాడాలి. ఎవరైనా ఉన్నారా?" అని ఊళ్ళోవాళ్ళకి ఫోన్లు చేశాడు.

అలా డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఆయన పరిచయమయ్యాడు. ఆయన ఆపరేషన్లు చేసే డాక్టరు. ఆయనకీ తాగుడే జబ్బు. "పదిహేను నిమిషాలే ఉంటాను" అని వచ్చినాయన గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయనకి అంతకుముందు నీతులు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఇతను నీతులు చెప్పలేదు. తన కథ చెప్పాడు. తన భాషలో మాట్లాడిన మొదటి మనిషి అతనే అని డాక్టరు తర్వాత రాసుకున్నాడు.

పాము కాళ్ళు పాముకే తెలుసు అంటారు కదా. ఇదీ అంతే.

ఆ డాక్టరు ఒక్కసారితో మానలేదు. కొద్దిరోజులకి వేరే ఊరు వెళ్ళి మళ్ళీ తాగి వచ్చాడు. బిల్ అతన్ని వెళ్ళగొట్టలేదు. తిట్టలేదు. పక్కనే ఉన్నాడు. 1935 జూన్ 10న డాక్టరు ఆఖరిసారి తాగాడు. 1950లో చనిపోయేదాకా మళ్ళీ ముట్టలేదు. ఆ జూన్ 10నే సంఘం పుట్టినరోజుగా జరుపుకుంటారు.

ఇద్దరితో మొదలైన ఆ సంఘం తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. మన దేశానికీ వచ్చింది. హైదరాబాదు, విశాఖపట్నం లాంటి మన నగరాల్లోనూ దీని మీటింగులు జరుగుతాయి. గంజాయి, మత్తు మాత్రలు, సూదిమందులకి అలవాటుపడ్డ వాళ్ళకి ఇలాంటిదే ఇంకో సంఘం ఉంది. దాని పేరు నార్కోటిక్స్ ఎనానిమస్. అది 1953లో మొదలైంది.

మీటింగులో ఏం చేస్తారు?

ఒక గది. కొన్ని కుర్చీలు. టీ. సుమారు గంటో గంటన్నరో కూర్చుంటారు. రిక్షా తొక్కేవాడి పక్కన ఆఫీసరు కూర్చుంటాడు. అక్కడ పెద్దా చిన్నా లేదు. ఫీజు లేదు. ఖర్చులకి ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు. లేకపోతే లేదు. "తాగుడు మానాలి" అనే కోరిక ఒక్కటి ఉంటే చాలు, సభ్యులే.

ఒక్కొక్కరూ తమ కథ చెప్తారు. ఎలా మొదలైంది, ఏం పోయింది, ఇప్పుడెలా ఉన్నారు అని. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు. "ఛీ" అనరు. మాట్లాడలేనివాళ్ళు వింటూ కూర్చోవచ్చు. అక్కడ విన్నది, అక్కడ చూసిన మనిషి పేరు బయట చెప్పకూడదు. అది గట్టి నియమం.

"జన్మలో తాగను" అని అక్కడ ఒట్టు వేయించరు. "ఈ ఒక్కరోజు తాగను" అనుకోమంటారు. రేపటి సంగతి రేపు. జన్మంతా అంటే కొండంత బరువు. ఒక్కరోజు అంటే మోయగల మూట.

కొత్తగా వచ్చినవాడికి పాత సభ్యుడు ఒకరు తోడుంటారు. మగవాళ్ళకి మగవాళ్ళు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు. తాగాలనిపిస్తే తాగకముందే ఆ మనిషికి ఫోన్ చెయ్యాలి. అర్ధరాత్రయినా సరే.

మన మేస్త్రీకి అలాంటి తోడు ఉంటే ఏం జరిగేది? ఇలా జరిగేదేమో!

"అన్నా, ఇవాళ స్లాబు వేస్తున్నాం. సాయంత్రం మందుంటుంది. నాకు భయంగా ఉంది."

"మంచిపని చేశావు తమ్ముడూ, ముందే చెప్పావు. కూలి డబ్బులు మీ ఆవిడని వచ్చి తీసుకోమను. పని అవగానే నువ్వు నేరుగా మా ఇంటికి రా. కడుపు నిండా తిను. ఆకలి మీద కోరిక ఇంకా పెరుగుతుంది. నేనూ మొదటి ఏడాది పండక్కి ఇలాగే దాటాను."

ఇందులో పెద్ద వైద్యం ఏమీ లేదు. కానీ ఆ సాయంత్రం గడిచిపోతుంది. సాయం అందుకున్నవాడికే కాదు, చేసినవాడికీ మేలే. "నేనెక్కడ నుంచి వచ్చానో" అని అతనికి మళ్ళీ గుర్తొస్తుంది.

ఈ సంఘంలో దేవుడి మాట వస్తుంది. కానీ ఏ మతానికీ చెందింది కాదు. ఎవరి నమ్మకం వాళ్ళది. కొందరికి ఈ పద్ధతి నచ్చకపోవచ్చు. వాళ్ళు డాక్టరు, కౌన్సిలరు దగ్గర వేరే పద్ధతుల్లో సాయం పొందవచ్చు. రెండూ కలిపి కూడా చెయ్యవచ్చు. సంఘం ఉంది కదా అని డాక్టరిచ్చిన మందులు ఆపకూడదు.

ఇది నిజంగా పనిచేస్తుందా? 2020లో కాక్రేన్ అనే సంస్థ 27 పరిశోధనలను కలిపి పరిశీలించింది. వాటిలో పదివేల మందికి పైగా పాల్గొన్నారు. రోగుల్ని పద్ధతిగా ఏ.ఏ. వైపు నడిపించిన చికిత్సలు మిగతా పేరున్న చికిత్సలకి తీసిపోలేదు. పూర్తిగా మానేసి నిలబడటంలో వాటికంటే మెరుగ్గా కూడా ఉన్నాయి.

ఇంటివాళ్ళకీ తోడు కావాలి

తాగేవాడితో పాటు ఇల్లంతా జబ్బుపడుతుంది. భార్య సిగ్గుతో ఎవరికీ చెప్పుకోదు. అందుకే ఇంటివాళ్ళ కోసం 1951లో ఆల్-ఎనాన్ అనే సంఘం పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో బిల్ విల్సన్ భార్య లోయిస్ ఒకరు.

ఇంటివాళ్ళు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి:

మాన్పించే మందుని అతనికి తెలియకుండా కూరలో, మజ్జిగలో కలపకండి. అది తెలియక తాగితే గుండె మీద దెబ్బ పడి చనిపోవచ్చు. డాక్టరు చెప్పి, అతను ఒప్పుకుంటేనే వాడాలి.

మానినవాణ్ణి పాత సంగతులతో రోజూ పొడవకండి. అలాగని అతని తాగుడు అప్పులు మీరు దాచి తీర్చకండి.

మళ్ళీ తాగాడంటే అంతా పోయినట్టు కాదు. సైకిలు నేర్చుకునేవాడు పడతాడు. మళ్ళీ ఎక్కుతాడు. వెంటనే డాక్టరు దగ్గరకి, తోడు దగ్గరకి తీసుకెళ్ళండి.

కొడితే మాత్రం ఓర్చుకోవద్దు. జబ్బు అని చెప్పి కొట్టే హక్కు ఎవరికీ లేదు. 181కి ఫోన్ చెయ్యండి. అది ఆడవాళ్ళకి సాయం చేసే నంబరు.

మన ఊళ్ళో సంఘం లేకపోతే?

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు మీరు వినే ఉంటారు. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడిలో చదువు నేర్చారు. సారా గురించిన పాఠం చదివారు. చర్చించుకున్నారు. నలుగురూ కలిసి సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. షాపులు మళ్ళీ తెరిచారు.

షాపు మూస్తే మేలే. కానీ షాపు తెరిచి ఉన్నా నిలబడాలంటే మనిషికి మనిషి తోడుండాలి. ఆ రోజు ఆడవాళ్ళు ఒంటరిగా గెలవలేదు. కలిసి గెలిచారు. మానినవాళ్ళూ అలాగే కలవాలి.

తమిళనాడులో మంజక్కుడి అనే పల్లె ఉంది. మద్రాసుకి చెందిన టి.టి.కె. ఆసుపత్రి వాళ్ళు 1989 నుంచి అక్కడ తాగుడు మాన్పించే శిబిరాలు పెట్టారు. ఊరివాళ్ళూ చెయ్యి కలిపారు. పట్నం ఆసుపత్రే పల్లెకి వచ్చింది. పల్లెలో కుదరదు అనే మాట నిజం కాదని తేలింది.

మొదలుపెట్టడానికి ఇద్దరు చాలు. మీ ఊళ్ళో తాగి మానినవాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. వాళ్ళని అడగండి. వారానికి ఒక సాయంత్రం బడి అరుగు మీద కూర్చోమనండి. ఆశా కార్యకర్తకి చెప్పండి.

సలహా కోసం 14446కి ఫోన్ చెయ్యండి. అది మత్తు మాన్పించే ప్రభుత్వ సహాయ నంబరు. మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యవచ్చు. రెండింటికీ డబ్బు అక్కర్లేదు. కట్టేసి కొట్టి మాన్పిస్తామనే చోట మాత్రం ఎవర్నీ చేర్చకండి.

మన మేస్త్రీ ఇంటి ముందు పడి ఉన్నాడు. ఊరంతా "వాడు మారడు" అంది. వెళ్ళి లేపి, "రా తమ్ముడూ, నేనూ ఇలాగే పడ్డాను" అనేవాడు ఒక్కడు కావాలి. మీ ఊళ్ళో ఆ ఒక్కడు ఎవరు?

చర్చించండి

1. మేస్త్రీ మళ్ళీ ఎందుకు తాగాడు? తప్పు అతనొక్కడిదేనా?
2. "జన్మలో తాగను", "ఈ రోజు తాగను" – వీటిలో ఏది నిలబెట్టుకోవడం తేలిక? ఎందుకు?
3. పనివాళ్ళకి మందుకి బదులు ఏమిస్తే బాగుంటుంది?
4. మానినవాళ్ళకి మీ సంఘం ఏ సాయం చెయ్యగలదు? రాయండి.