జర్మనీ వెళ్తున్నారా... లిస్టులో 'జి' దగ్గర వెతకొద్దు!

జర్మనీలో మాస్టర్స్ సీటొచ్చింది. గది కోసం ఆన్‌లైన్‌లో ఫారం నింపుతున్నారు. ఏ దేశంలో గది కావాలో ఎంచుకోమంటూ లిస్టు తెరుచుకుంది. ఇంగ్లిష్ అక్షరాల వరసలో 'జి' దగ్గరికి వెళ్లారు. గాబున్ ఉంది, ఘనా ఉంది, గ్రీచన్‌లాండ్ అని ఇంకేదో ఉంది. జర్మనీ మాత్రం లేదు! పేజీ సరిగ్గా లోడ్ కాలేదేమోనని రిఫ్రెష్ కొట్టారు. మళ్లీ అదే లిస్టు.

పేజీకి ఏమీ కాలేదు. జర్మనీ 'డి' దగ్గరుంది, డోయిచ్‌లాండ్ అనే పేరుతో. ఇందాక చూసిన గ్రీచన్‌లాండ్ అంటే గ్రీస్. మన దేశం పేరు అక్కడ ఇండియెన్.

జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మన దేశం వాళ్లదే మొదటి స్థానం. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ బాగానే ఉన్నారు. సీటు, వీసా, బ్లాక్డ్ అకౌంట్ గురించి నెలల తరబడి ఆరా తీస్తాం. కానీ వెళ్లబోయే దేశాన్ని అక్కడివాళ్లు ఏమని పిలుచుకుంటారో చాలామందికి విమానం ఎక్కేదాకా తెలియదు. అక్కడివాళ్ల పేరు ఒకటి, పొరుగువాళ్లు పిలిచే పేరు ఇంకొకటి. ఐరోపాలో ఒకే దేశానికి ఇన్ని వేర్వేరు పేర్లుండటం అరుదు. ఒక్కో పేరు వెనక ఒక్కో పొరుగువాడి కథ ఉంది.

'మన జనం మాట' నుంచి

డోయిచ్ అన్నది మొదట దేశం పేరు కాదు, భాష పేరు. పాత జర్మన్‌లో 'దియుతిస్క్' అంటే జనానిది అని అర్థం. చర్చిలో, రాజాస్థానాల్లో లాటిన్ నడిచే రోజులవి. పండితులది లాటిన్, జనానిది దియుతిస్క్. మన సాహిత్యంలో మార్గ, దేశి అంటారు చూడండి, దాదాపు ఆ తేడానే. ఈ మాట లాటిన్ రూపం 'థియోడిస్కస్' 786 నాటి ఒక చర్చి నివేదికలో కనిపిస్తుంది. చిత్రమేమిటంటే అందులో చెప్పింది జర్మనీ గురించి కాదు. ఇంగ్లండ్‌లో జరిగిన సభలో తీర్మానాలను లాటిన్‌లోనూ, అక్కడి జనభాషలోనూ చదివి వినిపించారని రాశారు. ముందు భాషకు పేరొచ్చింది, తర్వాత ఆ భాష మాట్లాడేవాళ్లకు, చివరికి వాళ్ల నేలకు.

ఇంగ్లిష్‌లో నెదర్లాండ్స్ వాళ్లను 'డచ్' అంటారు కదా. అదీ ఈ మాటే. ఒకప్పుడు ఇంగ్లిష్ వాళ్లు అటువైపు జనాన్నంతా డచ్ అనేవాళ్లు. తర్వాత అది సముద్రానికి ఆవల తమకు దగ్గరగా ఉన్నవాళ్లకే మిగిలింది. ఆ డచ్ వాళ్లు మాత్రం తమ భాషను 'నెదర్లాండ్స్' అని, జర్మన్‌ను 'డోయిట్స్' అని అంటారు. ఈ గందరగోళం ఇప్పటికీ ఉంది. అమెరికాలో 'పెన్సిల్వేనియా డచ్' అనే వాళ్ల పూర్వీకులు జర్మన్ మాట్లాడే ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు.

జపాన్‌కు ఈ పేరు డచ్ వర్తకుల నోటి నుంచే చేరింది. వాళ్లు 'దోయిత్సు' అంటారు. చైనాలో 'ద' అనే అక్షరం తీసుకుని 'ద గువో' చేశారు. ఆ అక్షరానికి సద్గుణం అని అర్థం, గువో అంటే దేశం. దక్షిణ కొరియాలో 'తొగిల్' అంటారు. అదే భాష మాట్లాడే ఉత్తర కొరియాలో మాత్రం డోయిచ్‌లాండ్‌కు దగ్గరగా పలుకుతారు. దేశం రెండైతే పక్క దేశం పేరూ రెండైంది!

పొరుగువాడికి ఎవరు ఎదురైతే ఆ పేరు

ఫ్రాన్స్‌కు పక్కనే, రైన్ నది ఎగువ ప్రాంతంలో అలమన్నీ అనే తెగ ఉండేది. ఫ్రెంచ్ వాళ్లకు మొదట తగిలింది వాళ్లే. అందుకే మొత్తం దేశాన్ని 'అల్మాన్య్' అనేశారు. స్పెయిన్‌లో అలెమానియా, టర్కీలో అల్మాన్యా, అరబిక్‌లో అల్మానియా. గల్ఫ్‌లో పనిచేసొచ్చిన మీ బాబాయినో మావయ్యనో అడిగి చూడండి, అరబ్బుల నోట ఈ పేరు వినే ఉంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఆరంభ వేడుకలో జర్మనీ జట్టు పడవ మొదట్లోనే వచ్చేయడానికి కారణం కూడా ఇదే. అక్కడ దేశాలు వచ్చింది ఫ్రెంచ్ అక్షర క్రమంలో.

టర్కీ సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ మధ్య కార్మికుల ఒప్పందం జరిగింది. ఊళ్లకు ఊళ్ల నుంచి జనం ఫ్యాక్టరీ పనులకు వెళ్లారు. సెలవులకు ఇంటికొస్తే వాళ్లను ఊరివాళ్లు 'అల్మాన్‌జీ' అనడం మొదలుపెట్టారు. మన ఊళ్లలో దుబాయోడు అంటారే, అలాగన్నమాట.

ఉత్తరాన ఫిన్లాండ్‌లో జర్మనీ పేరు 'సక్సా'. ఎస్టోనియాలో 'సక్సామా'. ఇది సాక్సన్ తెగ పేరు. బాల్టిక్ సముద్రం మీదుగా సరుకులతో వచ్చిన జర్మన్ వర్తకులు వాళ్లకు సాక్సన్లుగా తెలిశారు. ఎస్టోనియా భాషలో 'సక్స్' అంటే దొర అని కూడా అర్థముంది. ఎందుకంటే శతాబ్దాల పాటు అక్కడి భూస్వాములు జర్మన్ మాట్లాడేవాళ్లే. ఒక జాతి పేరే దొర అన్న మాటైందంటే, ఆ పొలాల్లో ఎవరు చెమటోడ్చారో వేరే చెప్పాలా?

తూర్పు వైపు కథ ఇంకో తీరు. పోలండ్‌లో 'న్యెంత్సి' అంటారు. చెక్ భాషలో, హంగరీలో ఉన్న పేర్లూ ఈ మాటకు బంధువులే. దీని వెనకున్న స్లావిక్ మాటకు మూగ అని అర్థం. జర్మన్లు మూగవాళ్లని కాదు, మన మాట రానివాళ్లని. తమ మాట అర్థమయ్యేవాళ్లు మనుషులు, కానివాళ్లు మూగవాళ్లు! సంస్కృతంలో మ్లేచ్ఛ, గ్రీకులో బార్బరోస్ ఇలా పుట్టినవే. రష్యన్‌లో ఇంకా తమాషా. దేశం పేరు గెర్మానియా, భాష పేరు మాత్రం 'నెమెత్స్కీ'. ఇటలీలోనూ ఇంతే. దేశం జెర్మానియా, భాష 'తెదెస్కో'. ఈ తెదెస్కో మళ్లీ ఆ పాత థియోడిస్కస్సే.

అరబ్బులు ఈ మూగ అన్న మాటను తుర్కుల ద్వారా అందుకుని జర్మనీకి కాకుండా ఆస్ట్రియాకు పెట్టారు. అరబిక్‌లో 'అన్‌నమ్సా' అంటే ఆస్ట్రియా. ఒక దేశం కోసం పుట్టిన పేరు పక్క దేశానికి అతుక్కుపోయింది.

మరి మనం వాడే జర్మనీ? అది రోమన్ల పేరు. జూలియస్ సీజర్ రైన్ నదికి అవతలి తెగలను కలిపి జర్మానీ అని రాశాడు. క్రీస్తుశకం 98లో టాసిటస్ అనే చరిత్రకారుడు 'జెర్మానియా' అనే పుస్తకమే రాశాడు. ఆ మాట ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్ నుంచి మనకూ వచ్చింది.

సంస్కృతంలోనూ ఒక పేరుంది. రుగ్వేదాన్ని అచ్చు వేయించిన మాక్స్ ముల్లర్ ఆ గ్రంథంలో తనను 'శార్మణ్య దేశం'లో పుట్టిన 'మోక్షమూలర భట్టు'గా చెప్పుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం చేశాడు. సంస్కృతంలో శర్మ అంటే సుఖం, ఆశ్రయం. దేశం పేరును ఇంత ముచ్చటగా మార్చుకున్నవాళ్లు అరుదు. మన దేశంలో జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్లను మాక్స్ ముల్లర్ భవన్ అనేది ఈయన పేరు మీదే.

ఇక పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ గిన్నెల్లో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహమది. జర్మన్లు దాన్ని 'నోయ్‌సిల్బర్' అంటారు, కొత్త వెండి అని.

ఫారంలో, ఇంటర్వ్యూలో

ఇదంతా జీకే కోసం మాత్రమే కాదు. జర్మన్‌లో 'ఈ-యు' అక్షరాలు పక్కపక్కన వస్తే 'ఓయ్' అని పలకాలి. యూరోను వాళ్లు 'ఓయ్‌రో' అంటారు. డోయిచె బ్యాంక్‌ను మనం రకరకాలుగా పలుకుతాం. ఆ కంపెనీ ఇంటర్వ్యూలోనే దాన్ని 'డ్యూష్' అన్నారనుకోండి, ఉద్యోగం పోదు కానీ ఎదుటివాళ్ల ముఖంలో చిన్న నవ్వు ఖాయం. పోటీ గట్టిగా ఉన్నచోట ఆ నవ్వు ఎందుకు తెచ్చుకోవాలి?

పొట్టి గుర్తుల్లో తికమక ఎక్కువ. కార్ల నంబరు ప్లేటు మీద జర్మనీ గుర్తు 'డి'. వెబ్‌సైట్లకు, బ్యాంకు ఐబాన్ నంబరు మొదట్లో 'డీఈ'. మూడక్షరాల అంతర్జాతీయ కోడ్ 'డీఈయూ'. క్రీడల్లో మాత్రం 'జీఈఆర్'. స్కాలర్‌షిప్పులిచ్చే డీఏఏడీలో మొదటి డి డోయిచర్. డీహెచ్‌ఎల్‌లో డి మాత్రం అది కాదు. ఇప్పుడు అది జర్మన్ సంస్థ చేతిలో ఉన్నా, అమెరికాలో దాన్ని మొదలుపెట్టిన ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలవి.

ఊళ్ల పేర్లు మరీ దారుణం. మ్యూనిక్ అక్కడ మ్యున్షెన్. కొలోన్ అంటే క్యొల్న్. ఉద్యోగాల సైట్లలో ఇంగ్లిష్ పేరుతో మాత్రమే వెతికితే కొన్ని ప్రకటనలు మీ కంటపడవు, రెండు పేర్లతోనూ వెతకండి. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఆహెన్ నగరం ఫ్రెంచ్‌లో 'ఎక్స్ లా షపెల్', పోలిష్‌లో 'అక్విజ్‌గ్రాన్'. ఇటలీ చూసి రైల్లో తిరిగొస్తున్నప్పుడు బోర్డు మీద 'మొనాకో' అని కనిపిస్తే కంగారు పడొద్దు. సముద్రం ఒడ్డున కోటీశ్వరులుండే మొనాకో వేరు. ఇటాలియన్లకు మ్యూనిక్ కూడా మొనాకోనే. బవేరియా మొనాకో అని విడదీసి చెబుతారు, ఎప్పుడూ కాదు!

గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్లు ఈ తేదీలు చూసుకోండి. పశ్చిమ జర్మనీ 1949 మే 23న, తూర్పు జర్మనీ అదే ఏడాది అక్టోబరు 7న ఏర్పడ్డాయి. 1990 అక్టోబరు 3న ఒకటయ్యాయి. ఇప్పటి అధికారిక నామం 'బుందెస్‌రెపుబ్లీక్ డోయిచ్‌లాండ్', అంటే జర్మన్ సమాఖ్య గణతంత్రం. తమ పేరును తాము పలికినట్టే పలకమని ప్రపంచాన్ని కోరిన దేశాలూ ఉన్నాయి. 2022లో టర్కీ ఐక్యరాజ్యసమితిలో 'తుర్కియే' అయింది. 2018లో స్వాజిలాండ్ 'ఎస్వాతినీ'గా మారింది. జర్మనీ మాత్రం అలాంటి పంతం పట్టలేదు. కాబట్టి తెలుగులో జర్మనీ అంటే తప్పేం లేదు. కాగితం ఏ భాషలో ఉంటే ఆ పేరు రాస్తే చాలు.

మిమ్మల్ని ఏమంటారు?

అక్కడ దిగి అద్దె గదిలోకి మారిన రెండు వారాల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో 'స్టాట్స్‌అన్‌గెహోరిగ్‌కైట్' అని నోరు తిరగని మాటొకటి ఉంటుంది. జాతీయత అని అర్థం. దాని ఎదురుగా రాయాల్సింది 'ఇండిష్'. పుట్టిన దేశమైతే 'ఇండియెన్'. మనిషిగా మీరు 'ఇండర్', అమ్మాయిలైతే 'ఇండరిన్'. పొరపాటున 'ఇండియానర్' అనకండి. అది అమెరికా ఆదివాసులకు జర్మన్లు వాడుతూ వచ్చిన మాట. దారి తప్పిన కొలంబస్ పుణ్యమా అని పుట్టిన చిక్కును జర్మన్ రెండు మాటలతో విడదీసింది. ఇంగ్లిష్‌లో ఇంకా ముడిపడే ఉంది.

క్లాసులో ఎవరో ఒకరు మర్యాదగానే అడుగుతారు, మీరు ఇండిష్ మాట్లాడతారా అని. కోపం తెచ్చుకోనక్కర్లేదు. మన గురించి దూరం నుంచి చూసేవాళ్లకు అంతే కనిపిస్తుంది. మనకూ ఇలాంటి పేర్లు చాలానే పెట్టారు. తమిళులకు మనం ఉత్తరాది వాళ్లం కాబట్టి మన భాష 'వడుగు' అయింది. ఐరోపా వాళ్లు తెలుగును 'జెంటూ' అన్నారు. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం పేరులోనే ఆ మాట ఉంది. మనమేం తక్కువ తినలేదు. తమిళాన్ని అరవం అన్నాం, ఆ పేరు వాళ్లది కాదు.

ఇండిష్ అనే భాష లేదని చెప్పి, ఈ ఒక్క వాక్యం అనండి. 'మైనె ముట్టర్‌ష్ప్రాహె ఇస్ట్ తెలుగు.' నా మాతృభాష తెలుగు అని. అందులో ముట్టర్ అంటే అమ్మ. సంస్కృతంలోని మాతృ, జర్మన్‌లోని ముట్టర్ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు.