తేనెటీగల త్యాగగుణము – దగ్గరి సంపర్కము

తేనెపట్టులోని కూలి ఈగ సాధారణముగా గ్రుడ్లు పెట్టదు. తల్లి పెట్టిన పిల్లలను సాకును. పట్టును కాపాడుటకై మనిషిని కుట్టి తాను చచ్చును. సంతానము లేని ఈగల త్యాగగుణము తరతరములుగా ఎట్లు నిలిచినది? 1964లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హామిల్టన్ దీనిని వివరించెను. తోబుట్టువులను బ్రతికించిన ప్రాణి, వారిలో గల తన జన్యువులనే బ్రతికించుచున్నది. అట్లయిన దగ్గరి చుట్టరికములో జతపరచిన కొలది మేలు పెరుగునా?

దాగియుండు గుణము

కొన్ని పట్టులలో కూలి ఈగలు తెగులు సోకిన పిల్లల గదుల మూతలు తీసి, చచ్చిన పిల్లలను బయట పారవేయును. ఇందుచే తెగులు వ్యాపింపదు. అమెరికాలో రోథెన్‌బ్యూలర్ ఇట్టి శుభ్రమైన జాతిని, శుభ్రత లేని జాతితో సంకరపరచెను. సంకర ఈగలు ఈ పని చేయలేదు. అనగా ఇది అంతర్గత గుణము. తల్లిదండ్రులిరువురి నుండి వచ్చిననే బయటపడును. సంకరమును మరల శుభ్రమైన జాతితో కలిపినప్పుడు 29 పట్టులలో 6 మాత్రమే రెండు పనులును చేసినవి. 9 మూతలు తీసి ఊరకున్నవి. ఈ ఫలితములు 1964లో వెలువడినవి. ఈ గుణమునకు రెండింటికన్న హెచ్చు జన్యువులు కారణమని తరువాత తెలిసినది.

కావున దగ్గరి సంపర్కము ఇట్టి గుణమును స్థిరపరచగలదు. కాని దానికి మూల్యము కలదు.

చుట్టరికపు నష్టము

తేనెటీగలలో ఆడ, మగ తేడాను ఒక జన్యువు నిర్ణయించును. దాని రెండు రూపములు వేరైననే ఫలదీకరించిన గ్రుడ్డు ఆడ ఈగ యగును. రెండును ఒకటే అయినచో పనికిరాని పోతుటీగ ఏర్పడును. దానిని కూలి ఈగలు పొదిగిన కొలది గంటలలోనే తినివేయునని పోలండు శాస్త్రజ్ఞుడు వోయ్‌కే 1963లో చూపెను. రాణి తన రూపమే గల పోతుటీగతో మాత్రమే కలిసినచో, ఫలదీకరించిన గ్రుడ్లలో సగము ఇట్లు నష్టమగును. అప్పుడు పట్టుకు కూలి ఈగలు చాలవు. త్యాగము చేయువారే కరువగుదురు.

పెంపకందారులు చేయవలసినవి

1. రాణులన్నిటిని ఒకే పెట్టె నుండి పెంచరాదు. దూరపు పెట్టెలతో రాణులను మార్చుకొనవలెను.
2. మూతవేసిన పిల్లగదుల నడుమ ఖాళీలు ఎక్కువైనచో అశ్రద్ధ చేయరాదు. తెగులు, ముసలి రాణి కూడ కారణములు కావచ్చును. విచారించి రాణిని మార్చవలెను.
3. మూసిన 100 పిల్లగదులను సన్నని సూదితో పొడిచి 24 గంటల తరువాత చూడుడు. ఎక్కువ గదులు శుభ్రపరచిన పెట్టెలు రెండు మూడు ఎన్నుకొని వాని నుండియే రాణులను పెంచుడు.

గుణమును ఎన్నుకొనుడు, చుట్టరికమును దూరముంచుడు.