ఉంగా నుంచి పేచీ దాకా

ధ్వన్యనుకరణ పదాలు చెప్పమంటే మా విద్యార్థులు గలగల, జలజల అంటారు. "ఉంగా" మాత్రం ఎవరికీ తోచదు. నా దృష్టిలో అనుకరణ ఎక్కడ ఆగి పెద్దల ఊహ ఎక్కడ మొదలవుతుందో తేల్చి చూపేది ఆ మాటే.

రెండు మూడు నెలల బిడ్డ గొంతులో పలికే మెత్తని ధ్వని "ఉంగా". అంతవరకు అనుకరణే. వెంటనే "ఊకొడుతున్నాడు" అంటాం. ఊకొట్టడం కథ వినేవాడి పని! ఈ మురిపెం ఒక్కోసారి ప్రమాదకరం. వినికిడి లేని బిడ్డ కూడా ఉంగా అంటుంది. "బబబ", "తతత" వంటి స్పష్టమైన అక్షరాల వరస, వినగల పిల్లల్లో సాధారణంగా పది నెలల లోపు వచ్చేది, ఆ బిడ్డకు ఆలస్యమవుతుంది. ఆలర్, ఐలర్స్ అనే పరిశోధకులు 1988లో ఈ సంగతి చూపించారు. ఊకొడుతున్నాడు గదా, వినబడకేం అనుకునే ఇంట్లో ఈ తేడా ఎవరి చెవినా పడదు.

ఆ "తతత"లో తాత తనను వింటాడు, మేనత్త తనను వింటుంది. రోమన్ యాకబ్సన్ 1960లో అచ్చయిన వ్యాసంలో "అమ్మ" వంటి మాటలకు భౌతికమైన పునాది చూపాడు. పాలు తాగే బిడ్డ నోరు మూసుకుపోయి ముక్కుతో తీసే మూలుగు క్రమంగా ఆహారాన్ని కోరే ధ్వని అవుతుందనీ, పెద్దలు దానికి తల్లి అనే అర్థాన్ని స్థిరపరుస్తారనీ ఆయన వాదం. ఆకలి ముందు, బంధుత్వం తరువాత.

ఏడుపు దగ్గరికి వచ్చేసరికి వర్గీకరణ తీర్పుగా మారుతుంది. గుక్కపట్టడం, వెక్కడం ఊపిరిని వర్ణించే మాటలు. మారాం, పేచీ నేరారోపణలు. పనిమనిషి చంకలోని బిడ్డ ఏడిస్తే తల్లికి అది "పాలకేడుపు", ఇంటి యజమానురాలికి "గోల". శబ్దం ఒకటే.

మన కథకులు ఇంత సంపదను వదిలి ఒక్క "కేర్"తో సరిపెడుతున్నారు. పురిటిగది తలుపు వెనక కేర్‌మనిపించడంతో వారి పని అయిపోతుంది. గట్టున చెట్టుకొమ్మకు ఉయ్యాల కట్టి నాట్లు వేసే తల్లి నడుము ఎత్తకుండానే వింటుంది. గునుపు అయితే మరో పది మొక్కలు నాటుతుంది. గుక్క అయితే మేస్త్రీ కేకలు లెక్కచేయక బురదకాళ్లతో గట్టెక్కుతుంది.