మ్యాథ్స్ టిప్స్: ‘కనీసం’ అంటే ఏ గుర్తు పెట్టాలి?.. మ్యాజిక్ ఫిగర్ నుంచి కరెంటు బిల్లు దాకా అసమీకరణాలు ఇలా రాసేయండి!

ఎన్నికల ఫలితాల రోజు టీవీ ముందు కూర్చుంటే పదేపదే వినిపించే మాట ‘మ్యాజిక్ ఫిగర్’. తెలంగాణ అసెంబ్లీలో 119 సీట్లు ఉంటే మ్యాజిక్ ఫిగర్ 60. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకు 88. లోక్‌సభలో 543 సీట్లకు 272. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? సమాధానం ఒక చిన్న అసమీకరణంలో ఉంది.

చాలామంది విద్యార్థులు సమీకరణం అంటే భయపడరు. అసమీకరణం అనగానే తడబడతారు. లెక్క చేయడం రాక కాదు.. మాటల్లో ఇచ్చిన ప్రశ్నకు ఏ గుర్తు పెట్టాలో తెలియక. గుర్తు తప్పితే ఆ తర్వాత ఎంత బాగా చేసినా జవాబు తప్పే. అందుకే మాటను గుర్తుగా ఎలా మార్చాలో ఇప్పుడు తెలుసుకుందాం.

గుర్తులు నాలుగే

>, <, ≥, ≤.. ఇవే ఆ నాలుగు. నోరు తెరిచిన వైపు పెద్ద సంఖ్య ఉంటుంది. కింద గీత ఉంటే ‘సమానమైనా ఫర్వాలేదు’ అని అర్థం. ఇందులో మొదటి రెండు గుర్తులు ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ పుస్తకంలో 1631లో అచ్చయ్యాయి. అప్పటికే ఆయన చనిపోయి పదేళ్లు.

మ్యాజిక్ ఫిగర్ లెక్క ఇదీ

పుస్తకాల్లో తెలియని సంఖ్యను ఎక్స్ అని రాస్తారు. ఇక్కడ గుర్తుండేలా సీట్లకు ‘స’ అనుకుందాం. మెజారిటీ అంటే సగం కంటే ఎక్కువ. సగం వస్తే సరిపోదు. కాబట్టి గీత లేని గుర్తే పెట్టాలి.

తెలంగాణకు: స > 59.5. సీట్లు సగాల్లో రావు కదా.. అందుకే 60.

కర్ణాటకలో 224 సీట్లు. సగం సరిగ్గా 112. ఇక్కడ స > 112 అని రాయాలి. అంటే 113 కావాలి. పొరపాటున స ≥ 112 అని రాస్తే 112 సీట్లతోనే ప్రభుత్వం వచ్చేసినట్టు! చిన్న గీత ఒక్కటి ఎంత తేడా తెస్తుందో చూశారా?

ఏ మాటకు ఏ గుర్తు?

- కనీసం, తగ్గకూడదు, నిండాలి: ≥
- గరిష్ఠంగా, మించకూడదు, వరకు: ≤
- దాటితే, మించితే, కంటే ఎక్కువ: >
- కంటే తక్కువ: <

ఓటు హక్కుకు 18 ఏళ్లు ‘నిండాలి’. అంటే వయసు ≥ 18.

ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది. ‘మార్కులు 35 కంటే తక్కువ కాకూడదు’ అనే వాక్యంలో ‘తక్కువ’ అనే మాట కనపడగానే చాలామంది < పెట్టేస్తారు. చివర్లో ఉన్న ‘కాకూడదు’ను వదిలేస్తారు. తెలుగులో అసలు విషయం వాక్యం చివర్లోనే ఉంటుంది. తక్కువ కాకూడదు అంటే 35 అయినా సరే, ఎక్కువైనా సరే. కాబట్టి మార్కులు ≥ 35.

మరో ఉచ్చు ‘లోపు’. ‘200 లోపు’ అంటే 200 కలుస్తుందా, కలవదా? మాటలో స్పష్టత ఉండదు. అలాంటప్పుడు నిబంధన ఏం చెబుతోందో చూసుకోవాలి.

201 యూనిట్లయితే..?

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 200 వచ్చినా జీరో బిల్లే. దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాల్సిందే. అంటే యూనిట్లు ≤ 200.

ఒక ఇంట్లో 22 రోజులకే 150 యూనిట్లు కాలాయి అనుకుందాం. రీడింగ్‌కు ఇంకా 8 రోజులు ఉంది. రోజుకు ఎంత వాడొచ్చు? రోజు వాడకం ‘య’ అనుకుంటే..

150 + 8 × య ≤ 200
8 × య ≤ 50
య ≤ 6.25

రోజుకు 6 యూనిట్లు వాడితే మొత్తం 198. గట్టెక్కినట్టే. 7 వాడితే 206. బిల్లు చేతికొస్తుంది!

హాజరు లెక్క

సీబీఎస్ఈ బోర్డు పరీక్షలు రాయాలంటే కనీసం 75 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 200 పని దినాలు అనుకుంటే 150 రోజులు రావాలి. ఒక విద్యార్థి ఇప్పటిదాకా 130 రోజుల్లో 90 రోజులే వచ్చాడు. ఇంకా 70 రోజులున్నాయి. ఇకపై రావాల్సిన రోజులు ‘ర’ అయితే..

90 + ర ≥ 150
ర ≥ 60

అంటే మిగిలిన 70 రోజుల్లో 10కి మించి సెలవు పెట్టడానికి లేదు. ఈ లెక్క ఏడాది చివర్లో కాదు, ఇప్పుడే వేసుకుంటే హాల్ టికెట్ దగ్గర టెన్షన్ ఉండదు.

పైకా? కిందకా?

పెళ్లికి బడ్జెట్ 2 లక్షలు మించకూడదు. ఫంక్షన్ హాల్ 60,000 రూపాయలు, భోజనం ప్లేటు 250. 60,000 + 250 × మ ≤ 2,00,000. అంటే మ ≤ 560. గరిష్ఠంగా 560 మందిని పిలవొచ్చు.

ఇప్పుడు ఇడ్లీ బండి చూద్దాం. ప్లేటు మీద 12 రూపాయలు మిగులుతుంది. అద్దె, గ్యాస్, కూలీ కలిపి రోజుకు 900 ఖర్చు. ఇంటికి కనీసం 700 తీసుకెళ్లాలి. 12 × ప − 900 ≥ 700. అంటే ప ≥ 133.33. ఇక్కడ 133 అని రాస్తే తప్పు. 133 ప్లేట్లకు మిగిలేది 696 మాత్రమే. 134 అమ్మాలి.

గుర్తుంచుకోండి.. ‘కనీసం’ అయితే పై పూర్ణ సంఖ్యకు, ‘గరిష్ఠం’ అయితే కింది పూర్ణ సంఖ్యకు వెళ్లాలి.

గుర్తు తిరగబడేది ఎప్పుడు?

జేబులో 500 ఉన్నాయి. ఒక్కో టికెట్ 40. ఊరెళ్లడానికి కనీసం 120 మిగలాలి. 500 − 40 × ట ≥ 120. అంటే −40 × ట ≥ −380. రెండు వైపులా −40తో భాగించాలి. రుణ సంఖ్యతో భాగించినా, గుణించినా గుర్తు తిరగబడుతుంది. 5 కంటే 3 చిన్నదే కానీ, −5 కంటే −3 పెద్దది కదా! కాబట్టి ట ≤ 9.5. అంటే 9 టికెట్లు. గుర్తు తిప్పకపోతే ‘కనీసం 10 టికెట్లు కొనాలి’ అనే వింత జవాబు వస్తుంది.

పరీక్ష హాల్లో ఇలా చేయండి

ముందు తెలియనిదేమిటో రాసుకోండి. తర్వాత వాక్యం చివరి మాట చదవండి. హద్దు సంఖ్య ఒప్పుకుంటుందా అని అడగండి. ఒప్పుకుంటే గీత పెట్టండి, లేదంటే వద్దు. జవాబు వచ్చాక దాన్ని, దాని పక్క సంఖ్యను లెక్కలో పెట్టి చూడండి. ఒకటి సరిపోయి, రెండోది సరిపోకపోతే.. మీ గుర్తు కరెక్టే!