జిర్కోనియానా, అక్రిలిక్కా?

మా ఆవిడ జంతిక కొరికి నాలుగేళ్ళయింది. పై పళ్ళ సెట్టు ఎలాగో నిలిచేది గాని, కిందిది నాలుక కదిపితే చాలు, పైకి తేలేది. పెళ్ళి భోజనాల్లో "నాకు ఆకలిగా లేదండీ" అని తప్పించుకునేది. ఇంటికొచ్చి మజ్జిగన్నం మెత్తగా పిసుక్కుని తినేది. పక్కనే ఉండి కూడా నేను చాలాకాలం గమనించలేదు. అది నా తప్పే.

కింది దవడ ఎముకలో నాలుగు టైటానియం మరలు బిగించి, వాటిమీద పళ్ళ వరుసంతా కదలకుండా నిలపవచ్చని నాగపూర్‌లో డాక్టరుగారు చెప్పారు. ఈ విద్యకు ఆద్యుడు స్వీడన్ దేశస్థుడు బ్రోనెమార్క్. 1950లలో పరిశోధన కోసం కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడిరాలేదట. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో అలాంటి మరలు అమర్చారు. కనుక మరల విషయంలో మా ఇంట్లో చర్చే రాలేదు. పేచీ అంతా వాటి మీద కూర్చునే పళ్ళ దగ్గర వచ్చింది.

అంచనా కాగితంలో జిర్కోనియా ధర అక్రిలిక్‌కు దాదాపు రెట్టింపు ఉంది. హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోన్లో, "తేడా డబ్బు నేను పంపిస్తాను నాన్నా. అమ్మకు ప్లాస్టిక్ పళ్ళేమిటి?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. భార్య నోటి దగ్గర పీనాసితనం చేస్తున్నానేమోనని రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఏ వస్తువైనా దేనితో చేశారో తెలుసుకోకుండా కొనే అలవాటు లేదు. జిర్కోనియా పుట్టుక మన సముద్రపు ఇసుకలోనే ఉంది. భీమిలి తీరపు నల్ల ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజం దొరుకుతుంది. హైదరాబాదులో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వారు అణు రియాక్టర్ల గొట్టాలకు వాడే లోహానికీ ముడిసరుకు జిర్కానే. పళ్ళకైతే సుద్దముక్కలా మెత్తగా ఉండే దిమ్మెను కంప్యూటర్ యంత్రం చెక్కుతుంది. తరువాత సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. కాలితే ఐదోవంతు దాకా కుంచించుకుపోతుంది గనక ముందే పెద్దదిగా చెక్కుతారు.

మా భద్రావతికి మట్టిపని కొత్త కాదు. గ్రామోదయ సంఘ్ ఉన్న ఊరు. మా వీధి చివర కుమ్మరిపెద్దకు ఈ సంగతంతా చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. "మా కుండా అంతేగా! కాలేవరకే మన చేతిలో ఉంటుంది. కాలాక పగిలితే అతుకు లేదు" అన్నాడు. డాక్టరుగారు అరగంట చెప్పినదానిలో అసలు విషయం అదే. జిర్కోనియా పసుపుకీ టీకీ రంగు మారదు, అరగదు, పాచి తక్కువ పడుతుంది. విరగడం అరుదు. విరిగితే మాత్రం సాధారణంగా మొత్తం వరుస మళ్ళీ చేయించవలసిందే. బరువు కూడా, అంతే పరిమాణం గల అక్రిలిక్‌కు ఐదు రెట్లు.

అక్రిలిక్ గుణం దీనికి తిరగబడి ఉంటుంది. లోపల టైటానియం కడ్డీ, దానిమీద గులాబి రంగు చిగురు, పళ్ళు. తేలిక, నమిలే దెబ్బను కాస్త తను ఓర్చుకుంటుంది. కాని రంగు పట్టుతుంది, కొన్నేళ్ళకు పళ్ళు అరుగుతాయి, అప్పుడప్పుడు ఒక పన్ను ఊడనూవచ్చు. ఊడితే ఆ ఒక్కటే పెట్టించుకోవచ్చు. లోహం మీద పింగాణీ వేసే పాత పద్ధతి, పీక్ అనే కొత్తరకం గట్టి ప్లాస్టిక్ కూడా ఉన్నాయి. మొదటిదానిలో పింగాణీ పెచ్చులూడే భయం. రెండోదానికి ఏళ్ళ తరబడి వాడిన అనుభవం ఇంకా తక్కువ. మేము ఆ రెంటి జోలికి పోలేదు.

కరీంనగర్‌లో మా అన్నయ్య రెండు దవడలకూ జిర్కోనియా వేయించుకున్నాడు. తాంబూలం వేసుకున్నా పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. "తినేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడు, మీ వదినకు విసుగు" అని నవ్వుతాడు. ఆయన మాట విన్నాక నేనూ జిర్కోనియా వైపే మొగ్గాను.

ఖాయం చేసుకుందామని భాందక్ స్టేషన్లో రైలెక్కి నాగపూర్ వెళ్ళాం. డాక్టరుగారు నన్నొక ప్రశ్న అడిగారు. "పైన ఏమున్నాయో మరిచిపోయారా?" పైన ఉన్నది మామూలు అక్రిలిక్ సెట్టు, చిగురు మీద ఊరికే ఆనుకున్నది. కింద రాయిలాంటి వరుస పెడితే ఆ మెత్తని పై పళ్ళు త్వరగా అరుగుతాయి, నమిలే బలమంతా పై చిగురు మీద పడుతుందట. అన్నయ్యకు పైనా కిందా ఒకటే గనక ఆయన లెక్క వేరు.

అప్పుడు మా ఆవిడ నోరు విప్పింది. "ఏమండీ, పన్ను ఊడితే చంద్రపూర్‌లో బాగుచేస్తారా? ప్రతిసారీ ఇంతదూరం రాలేను" అంది. నెలరోజులుగా నేనూ అబ్బాయీ వాదించుకుంటున్నాం గాని, ఆవిణ్ణి అడగాలని ఇద్దరికీ తోచలేదు!

అక్రిలికే వేయించాం. షుగరు అదుపులోకి వచ్చాకే మరలు వేశారు. నాలుగు నెలలు తాత్కాలిక వరుస, తరువాత అసలుది. రోజూ రాత్రి పళ్ళ వరుస కింద సన్నటి బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఏ రకం వేసినా ఈ రెండూ తప్పవు.

పద్నాలుగో నెలలో ముందరి పన్ను ఒకటి ఊడింది. "చెప్పానా!" అన్నాడు అబ్బాయి. చంద్రపూర్ డాక్టరుగారు మరలు విప్పి వరుస తీసి, మర్నాటికి కొత్త పన్ను అతికించి బిగించారు. ఆ ఒక్కరోజూ ఆవిడకు జావే. ఫోన్లో అబ్బాయితో, "నీ డబ్బు దాచుకో నాన్నా, పై సెట్టు మార్చే రోజున అడుగుతాను" అంది.

ఈ సంక్రాంతికి చేసిన జంతికలు సగం ఆవిడే తినేసింది, చిన్నచిన్న ముక్కలు చేసుకుని. కాస్త గట్టిగా వచ్చాయట, వచ్చేసారి వెన్న ఎక్కువ వేస్తుందట.